హలో వరల్డ్ 16 కేబీయా, 2 ఎంబీయా? మిగతా బరువు ఎవరు మోస్తున్నారు?

ఇవాళ స్లైడ్లు ఏమీ లేవు, ఒక్క టెర్మినల్ మాత్రమే. ఫోన్‌లో చూసేవాళ్ల కోసం అక్షరాలు బాగా పెద్దవి చేశాను. అయినా కనపడకపోతే ఫోన్ అడ్డంగా తిప్పండి.

సీలో హలో వరల్డ్. ఫస్ట్ ఇయర్ ల్యాబ్‌లో మనందరం రాసిందే, ఐదు లైన్లు. ఉబుంటు 22.04లో జీసీసీతో కంపైల్ చేసి సైజు చూస్తున్నా. దాదాపు 16 కేబీ. ఇప్పుడు అదే ఫైల్, ఒక్క అక్షరం మార్చకుండా, కమాండ్ చివర హైఫన్ స్టాటిక్ అని పెట్టి మళ్లీ కంపైల్ చేశా. దాదాపు 900 కేబీ! యాభై రెట్ల పైన పెరిగింది. అదే హలో వరల్డ్‌ని గోలో రాసి బిల్డ్ చేస్తే దగ్గర దగ్గర 2 ఎంబీ. మూడూ రన్ చేస్తే స్క్రీన్ మీద వచ్చేది మాత్రం అదే ఒక్క లైను.

ఇది చూసిన ఎవరైనా ఏమంటారు? "సీ బెస్ట్, గో వేస్ట్, స్టాటిక్ అంటే బండ" అంటారు. కాలేజీలో నేనూ ఇలాగే గంటలు గంటలు వాదించా. ఆ 16 కేబీ అనే నంబర్‌లో సగం కథ దాచేశారని నాకు అర్థం కావడానికి ఉద్యోగంలో ఒక రాత్రి, తర్వాత కొన్ని నెలలకి ఒక మంగళవారం పట్టాయి. ఆ రెండూ చెప్తాను. ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

మీరు ప్రింట్‌ఎఫ్ అని రాశారు. కానీ ప్రింట్‌ఎఫ్ చేసే పని మీరు రాయలేదు కదా. అది లిబ్‌సీ అనే లైబ్రరీలో ఉంది. ఉబుంటులో ఆ లైబ్రరీ పేరు జీలిబ్‌సీ. మీ కోడ్‌నీ ఆ లైబ్రరీనీ కలిపేవాడు లింకర్. కలపడానికి వాడి దగ్గర రెండు దారులున్నాయి.

మా ఊళ్లో పెళ్లికి వంట మేస్త్రిని పిలుస్తారు. ఒకాయన చేతిలో గరిటె పట్టుకుని బస్సు దిగుతాడు. "గుండిగలు, పొయ్యిలు, గ్యాసు మీ దగ్గర ఉంటాయిగా" అంటాడు. ఇంకొకాయన ట్రాలీ ఆటోలో మొత్తం సామాను వేసుకుని వస్తాడు, అగ్గిపెట్టెతో సహా. మొదటాయన సామాను చాలా తక్కువ, నిజమే. కానీ మీ ఇంట్లో గుండిగలు లేకపోతే ఆ రోజు భోజనాలు లేవు. 16 కేబీ ఆ గరిటె మేస్త్రి. 900 కేబీ ఆటో మేస్త్రి.

ఎల్‌డీడీ అనే కమాండ్ కొట్టి ఆ 16 కేబీ ఫైల్‌ని అడిగితే తనకి ఎవరెవరు కావాలో చెప్తుంది. మూడు లైన్లు వచ్చాయి చూడండి. మొదటిది కెర్నల్ ఇచ్చేది, వదిలేయండి. రెండోది లిబ్‌సీ డాట్ ఎస్ఓ డాట్ 6. మూడోది లోడర్. మీరు ప్రోగ్రామ్ రన్ చేయగానే ముందు లేచేది ఈ లోడర్. అది వెళ్లి లిబ్‌సీని వెతికి, మెమరీలోకి తెచ్చి, "ప్రింట్‌ఎఫ్ ఇక్కడుంది" అని మీ ప్రోగ్రామ్‌లోని ఒక పట్టికలో అడ్రస్ రాసి, అప్పుడు మీ మెయిన్ ఫంక్షన్‌కి దారి ఇస్తుంది. ఆ లిబ్‌సీ సైజెంత? 2 ఎంబీ పైనే. అంటే మన 16 కేబీ హీరో 2 ఎంబీ మనిషి భుజం మీద కూర్చుని ఎత్తు కొలిపించుకుంటున్నాడన్నమాట.

ఇంకో తమాషా. ఆ 16 కేబీలో మీ అసలు కోడ్ చాలా కొంచెం. ఫైల్‌లోని భాగాలు 4 కేబీ పేజీల లెక్కన సర్దాలి కాబట్టి మధ్యలో చాలావరకు ఖాళీ సున్నాలే.

మరి డైనమిక్ పద్ధతి మోసమా? కాదు, దానికి మంచి కారణం ఉంది. మీ మెషిన్‌లో ఇప్పుడు రెండు వందల ప్రాసెస్‌లు నడుస్తున్నాయనుకోండి. అన్నింటికీ లిబ్‌సీ కావాలి. డైనమిక్ అయితే ఆ లైబ్రరీ కోడ్ ర్యామ్‌లో ఒక్క కాపీ ఉంటే చాలు, అందరూ అదే వాడుకుంటారు. యూనిక్స్ ప్రపంచంలోకి ఇది 1980ల చివర్లో గట్టిగా వచ్చింది. అప్పటి వర్క్‌స్టేషన్లలో ర్యామ్ అంటే కొన్ని ఎంబీలే. ప్రతి ప్రోగ్రామూ తన కాపీ తను మోస్తే విండోలు తెరవడానికే చోటు ఉండేది కాదు.

స్టాటిక్ వైపు చూద్దాం. ఒక్క లైను ప్రింట్ చేయడానికి 900 కేబీ ఎందుకు? లింకర్ లైబ్రరీ మొత్తాన్ని తీసుకోదు, కావాల్సిన ఆబ్జెక్ట్ ఫైల్స్‌ మాత్రమే లాగుతుంది. కానీ జీలిబ్‌సీలో ఒక తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ప్రింట్‌ఎఫ్‌కి దశాంశాలు ప్రింట్ చేయడం రావాలి, రకరకాల భాషల అక్షరాలు రావాలి, లొకేల్ తెలియాలి, ఫైల్ బఫర్లు కావాలి. మీరు వాడినా వాడకపోయినా అవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. ఇదే ప్రోగ్రామ్‌ని మస్ల్ అనే ఇంకో లిబ్‌సీతో స్టాటిక్‌గా చేస్తే పదుల కేబీల్లోనే అయిపోతుంది. కాబట్టి "స్టాటిక్ అంటే బండ" అనేది కూడా పూర్తి నిజం కాదు. లైబ్రరీని ఎవరు, ఎలా ముక్కలు చేసి రాశారన్నది ముఖ్యం.

గో వేరే కథ. దాంట్లో గార్బేజ్ కలెక్టర్, గోరొటీన్లను నడిపే షెడ్యూలర్, అన్నీ ప్రతి ప్రోగ్రామ్‌లోనూ లోపలే ఉంటాయి. కావాలనే అలా చేశారు. గో మొదలుపెట్టినవాళ్లలో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ ఉన్నారు. వాళ్లు అంతకుముందు బెల్ ల్యాబ్స్‌లో చేసిన ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసలు డైనమిక్ లింకింగే లేదు.

సరే, ఇప్పుడు ఆ రాత్రి కథ.

2022 ఆగస్టు. నేను అప్పుడు చేస్తున్న కంపెనీలో ఒక చిన్న ఏజెంట్ రాశాను, సీలో. కస్టమర్ సర్వర్‌లో కూర్చుని, రోజూ రాత్రి లెక్కల ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి మా సర్వర్‌కి పంపడం దాని పని. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04. బిల్డ్ చేశా, టెస్ట్ చేశా, పంపించా. సైజు చూసి గర్వపడ్డా కూడా, 40 కేబీ కూడా లేదు మరి. రాత్రి తొమ్మిదిన్నరకి కస్టమర్ వైపు అడ్మిన్ గారి ఫోన్. యాభై ఏళ్ల పైన వయసు, నెమ్మదిగా మాట్లాడతారు. "బాబూ, మీది తెరుచుకోవట్లేదు. లిబ్ఎస్ఎస్ఎల్ డాట్ ఎస్ఓ డాట్ 3 ఏదో లేదంటోంది."

వాళ్ల సర్వర్ సెంట్ఓఎస్ 7. అందులో ఉండే ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.2. నేను లింక్ చేసింది 3.0తో. "ఓ, అదా సార్, ఫైల్ పంపిస్తా, పక్కన పెట్టండి" అన్నా. నా ల్యాప్‌టాప్‌లోంచి ఆ లైబ్రరీ ఫైళ్లు కాపీ చేసి పంపా. ఆయన పెట్టారు. ఈసారి కొత్త ఎర్రర్: జీలిబ్‌సీ 2.34 దొరకలేదు.

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే మీలో చాలామందికి ఈ ఎర్రర్ ఏదో ఒక రోజు రాక తప్పదు. జీలిబ్‌సీ 2.34 వచ్చింది 2021 ఆగస్టులో. అందులో ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు పిలిచే స్టార్టప్ ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ ముద్ర వేశారు. అంటే ఆ తర్వాతి జీలిబ్‌సీ మీద బిల్డ్ చేసిన ఏ ప్రోగ్రామైనా, ఏ పనీ చేయని ఖాళీ మెయిన్ ఫంక్షన్ అయినా సరే, "నాకు 2.34 లేదా ఆ పైది కావాలి" అంటుంది. ఉబుంటు 22.04లో ఉన్నది 2.35. సెంట్ఓఎస్ 7లో ఉన్నది 2.17. పాతదాని మీద బిల్డ్ చేసింది కొత్తదాని మీద నడుస్తుంది. కొత్తదాని మీద చేసింది పాతదాని మీద నడవదు. నాకు ఈ ముక్క అప్పుడు తెలియదు.

తెలియక ఏం చేశా? "అయితే లిబ్‌సీ కూడా పంపిస్తా సార్" అన్నా. నవ్వకండి. ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబుల్‌ని మా ఫోల్డర్ వైపు తిప్పించా. ఆ క్షణం నుంచి ఆయన టెర్మినల్‌లో ఎల్ఎస్ కమాండ్ కూడా పనిచేయలేదు. లోడర్ వాళ్లది, లిబ్‌సీ మాది. ఆ రెండూ ఒకే వెర్షన్ జంటగా ఉండాలి, లేకపోతే ప్రతి ప్రోగ్రామూ కూలిపోతుంది. ఫోన్‌లో ఆయన గొంతు మారింది. "బాబూ, ఇది ప్రొడక్షన్ మెషిన్." టెర్మినల్ మూసి మళ్లీ తెరిస్తే సర్దుకుంది, ఆ సెషన్ వరకే కాబట్టి బతికిపోయాం. ఆ రెండు నిమిషాలు మాత్రం నా చేతులు వణికాయి.

పక్కనున్న మా సీనియర్ చూసి, "ఒరేయ్, ఇవన్నీ ఎందుకురా, మస్ల్‌తో స్టాటిక్ చేసి పడేయ్" అన్నాడు. ఇద్దరం కూర్చున్నాం. ఓపెన్ఎస్ఎస్ఎల్ సోర్స్ దింపి, అప్పటికి తాజాది 3.0.5, దాన్ని కూడా మేమే బిల్డ్ చేసి, అన్నీ లోపల పెట్టి ఒకే ఒక్క ఫైల్ తీశాం. కొన్ని ఎంబీలైంది. రాత్రి ఒంటిగంటకి పంపితే మొదటిసారికే నడిచింది. ఎల్‌డీడీ అడిగితే "ఇది డైనమిక్ ప్రోగ్రామ్ కాదు" అంది. ఎవరి మీదా ఆధారపడదు. ఆ రోజు నుంచి నేను స్టాటిక్ భక్తుణ్ణి. తర్వాత రెండు నెలల్లో అదే ఫైల్‌ని ఇంకో ఎనిమిది చోట్ల పెట్టాం. ఎక్కడా ఒక్క ఎర్రర్ లేదు.

ఇక మంగళవారం కథ. 2022 నవంబర్ 1.

దానికి వారం ముందే ఓపెన్ఎస్ఎస్ఎల్ వాళ్లు ప్రకటించారు, 3.0లో క్రిటికల్ లోపం ఉంది, మంగళవారం 3.0.7 విడుదల చేస్తాం అని. క్రిటికల్ అనే మాట వాళ్లు చాలా అరుదుగా వాడతారు. 2014లో హార్ట్‌బ్లీడ్ చూసినవాళ్లందరికీ గుండె జారింది. మంగళవారం వచ్చేసరికి దాన్ని హై అని ఒక మెట్టు తగ్గించారు. అయినా లోపం లోపమే. సర్టిఫికెట్‌లో ఉండే ఈమెయిల్ అడ్రస్‌ని చదివేచోట బఫర్ దాటి రాసే అవకాశం ఉంది. 3.0.0 నుంచి 3.0.6 దాకా అన్నింటిలోనూ.

ఆ రోజు అడ్మిన్ గారు ఫోన్ చేశారు, మామూలు పలకరింపుకే. "మాది 1.0.2 బాబూ, పాతది. ఈ గొడవ 3.0 వాళ్లకే. మేం సేఫ్." ప్యాకేజీల లిస్టు స్కాన్ చేయించారట, క్లీన్ అని వచ్చింది. నేనూ "అవును సార్, అదృష్టం" అన్నా. పెట్టేశా. టీ తాగడానికి కిందకి వెళ్లా. గ్లాసు చేతిలో ఉండగా గుర్తొచ్చింది.

వాళ్ల సర్వర్‌లో 3.0 ఉంది. నేనే పెట్టాను. నా ఫైల్ కడుపులో.

స్కానర్‌కి ఎందుకు దొరకలేదు? అది సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల పేర్లు చూస్తుంది. మా ఏజెంట్ లోపల కలిసిపోయిన లైబ్రరీకి పేరు లేదు, ప్యాకేజీ లేదు, లిస్టులో లైను లేదు. పైకి పరిగెత్తి స్ట్రింగ్స్ అనే కమాండ్‌తో మా ఫైల్‌లో ఉన్న అక్షరాలన్నీ బయటికి తీసి వెతికా. "ఓపెన్ఎస్ఎస్ఎల్ 3.0.5, 5 జూలై 2022" అని తేదీతో సహా కనపడింది.

డైనమిక్‌గా లింక్ అయి, ఆ లైబ్రరీ సిస్టమ్ ప్యాకేజీగా ఉండి ఉంటే ఏమయ్యేది? అడ్మిన్ గారు ఒక్క అప్‌డేట్ కమాండ్ కొట్టి సర్వీసులు రీస్టార్ట్ చేసేవారు, ఆ లైబ్రరీ వాడే ప్రోగ్రామ్‌లన్నీ ఒక్కసారే బాగయ్యేవి. స్టాటిక్ కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. ఆ రాత్రి బిల్డ్ చేసిన స్క్రిప్ట్ ఎక్కడా సేవ్ చేయలేదు. సీనియర్ అప్పటికే కంపెనీ మారిపోయాడు. మళ్లీ మొదటినుంచి అన్నీ గుర్తు చేసుకుని, 3.0.7తో బిల్డ్ చేసి, టెస్ట్ చేయడానికి రెండు రోజులు పట్టింది. తర్వాత తొమ్మిది చోట్లకి తొమ్మిది ఫోన్లు.

మొదటి ఫోన్ ఆయనకే చేశా. మొత్తం విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంటే మా సర్వర్‌లో నాకు తెలియని ఓపెన్ఎస్ఎస్ఎల్ పెట్టి వెళ్లావా బాబూ?" అన్నారు. కోపం కూడా లేదు ఆ గొంతులో, అదే ఎక్కువ గుచ్చుకుంది. నష్టమేమీ జరగలేదు, మార్చేశాం. కానీ నేను "సేఫ్ సార్" అన్న ఆ రెండు రోజులు ఆయన నా మాట నమ్మి ప్రశాంతంగా ఉన్నారు.

ఇది సర్వర్ల గొడవ, మాకెందుకు అనుకుంటున్నారా? మీ చేతిలో ఉన్న ఫోన్‌లో కూడా ఇదే నడుస్తోంది. ఒకప్పుడు కొన్ని ఆండ్రాయిడ్ యాప్‌లు ఫోన్‌లో సిస్టమ్ వాడుకునే ఓపెన్ఎస్ఎస్ఎల్‌నే దొంగచాటుగా లింక్ చేసుకునేవి, గరిటె మేస్త్రిలా. ఆండ్రాయిడ్ 6లో గూగుల్ దాన్ని తీసేసి బోరింగ్ఎస్ఎస్ఎల్ పెట్టింది. అలా ఆధారపడ్డ యాప్‌లకి చిక్కొచ్చింది. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి సిస్టమ్ ప్రైవేట్ లైబ్రరీలని యాప్‌లు ముట్టుకోకుండా తలుపు మూసేశారు. లిబ్‌సీ లాంటి కొన్నింటినే బయట పెట్టారు, మిగతావి ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. అందుకే మీ ఫోన్‌లో ఫ్లటర్‌తో చేసిన యాప్‌లు పది ఉంటే ఫ్లటర్ ఇంజిన్ కూడా పది కాపీలు ఉంటుంది. దీనికి తోడు ప్రాసెసర్ రకానికి ఒక కాపీ. ఫ్రెండ్ పంపిన ఏపీకే ఒక్కోసారి ప్లే స్టోర్ డౌన్‌లోడ్ కంటే చాలా పెద్దగా ఉంటుంది కదా, అందులో మూడు నాలుగు రకాల ప్రాసెసర్లకి సరిపడా లైబ్రరీలు అన్నీ కుక్కి ఉండొచ్చు. ప్లే స్టోర్‌లో 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లు యాప్ బండిల్‌గా ఇవ్వాలి కాబట్టి మీ ఫోన్‌కి కావాల్సిన ముక్కే దిగుతుంది.

ఐఫోన్ వైపు దీనికి తిరగేసి జరిగింది. స్విఫ్ట్ భాషలో రాసిన ప్రతి యాప్ స్విఫ్ట్ లైబ్రరీలని తనలో మోసుకొచ్చేది, ఎందుకంటే భాష ఇంకా మారుతూ ఉంది. 2019లో స్విఫ్ట్ 5తో అది స్థిరపడింది, ఐఓఎస్ 12.2 నుంచి ఆ లైబ్రరీలు ఫోన్‌లోనే ఉంటాయి. యాప్ చిన్నదైంది. కోడ్ మాయం కాలేదు, మోసేవాడు మారాడు, అంతే.

మరి లోపం వస్తే? 2023 సెప్టెంబర్‌లో లిబ్‌వెబ్‌పీ అనే లైబ్రరీలో పెద్ద లోపం బయటపడింది. వెబ్‌పీ అంటే మన వాట్సాప్ స్టిక్కర్లు ఉంటాయే, ఆ ఫార్మాట్. క్రోమ్ తన కాపీ మోస్తోంది, ఫైర్‌ఫాక్స్ తన కాపీ మోస్తోంది, ఎలక్ట్రాన్‌తో చేసిన డెస్క్‌టాప్ యాప్‌లు ఒక్కొక్కటీ ఒక్కో క్రోమియం మోస్తున్నాయి. ఒక్క లైబ్రరీ బాగుచేయడానికి ఇన్ని యాప్‌లు విడివిడిగా అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. అప్‌డేట్ నోటిఫికేషన్‌ని పక్కకి తోసేసిన వాళ్ల దగ్గర పాత కాపీ అలాగే ఉండిపోతుంది.

డైనమిక్ వాళ్లు మరీ విర్రవీగక్కర్లేదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ బ్యాక్‌డోర్ గుర్తుందా? ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌కి ఆ కంప్రెషన్ లైబ్రరీతో అసలు పనే లేదు. కానీ కొన్ని డిస్ట్రోలు దాన్ని లిబ్‌సిస్టమ్‌డీకి లింక్ చేశాయి, లిబ్‌సిస్టమ్‌డీ ఎక్స్‌జెడ్ వాళ్ల లైబ్రరీని లింక్ చేసుకుంది. చుట్టం చుట్టానికి చుట్టం అని చెప్పి పెళ్లిలో దూరినట్టు, సర్వర్ లాగిన్ ప్రోగ్రామ్‌లోకే వచ్చేసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్‌కి లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చి తవ్వితే బయటపడింది.

సైజు తగ్గించే పని మాత్రం ఎప్పుడూ చేయొచ్చు, తప్పు లేదు. ముందు స్ట్రిప్ కమాండ్‌తో డీబగ్ సమాచారం తీసేయండి, చాలాసార్లు పెద్ద తేడా అక్కడే వస్తుంది. గోలో అయితే బిల్డ్ చేసేటప్పుడే లింకర్‌కి హైఫన్ ఎస్, హైఫన్ డబ్ల్యూ ఇవ్వండి. సీలో ఫంక్షన్ సెక్షన్స్ పెట్టి, వాడని ఫంక్షన్లని లింకర్ చేత ఏరివేయించండి. యూపీఎక్స్‌తో ఫైల్ కుదించడం నాకు నచ్చదు. డిస్క్ మీద చిన్నగా కనపడుతుంది, రన్ అయ్యేటప్పుడు మొత్తం మెమరీలో విప్పుకోవాల్సిందే.

ఇంకోటి, డాకర్ వాడేవాళ్లు సైజు పోల్చేటప్పుడు ఇమేజ్ మొత్తం చూడండి. డైనమిక్‌గా చేసిన 16 కేబీ ప్రోగ్రామ్‌ని ఉబుంటు ఇమేజ్‌లో పెడితే 70 ఎంబీ పైన. 2 ఎంబీ గో ప్రోగ్రామ్‌ని స్క్రాచ్ అనే ఖాళీ ఇమేజ్‌లో పెడితే మొత్తం 2 ఎంబీయే.

నేను ఇప్పుడేం చేస్తున్నానంటారా? ఇప్పటికీ కస్టమర్ మెషిన్‌కి వెళ్లేవి ఎక్కువగా స్టాటిక్‌గానే పంపుతా. ఆ రాత్రి మళ్లీ వద్దు నాకు. కానీ ప్రతి ఫైల్‌తో పాటు ఒక లిస్టు వెళ్తుంది, లోపల ఏ లైబ్రరీ, ఏ వెర్షన్, అన్నీ. బిల్డ్ స్క్రిప్ట్ కోడ్‌తో పాటే ఉంటుంది. కోడ్‌లో ఒక్క లైను మారకపోయినా నెలకొకసారి తాజా లైబ్రరీలతో మళ్లీ బిల్డ్ అవుతుంది. సొంత సర్వర్లయితే, అప్‌డేట్లు సరిగ్గా చేసే మనిషి ఉంటే, డైనమిక్‌గానే వదిలేస్తా. ఆ మనిషి లేకపోతే డైనమిక్ వల్ల వచ్చే లాభం కాగితం మీదే.

ఆ అడ్మిన్ గారు తర్వాత రిటైర్ అయ్యారు. కానీ ఉన్నన్నాళ్లూ మేం కొత్త ఫైల్ పంపిన ప్రతిసారీ ముందు స్ట్రింగ్స్ కొట్టి చూసి, ఆ తర్వాతే ఇన్‌స్టాల్ చేసేవారు. ఇన్‌స్టాల్ అయ్యాక ఫోన్ చేసి వెర్షన్ నంబర్ చదివి వినిపించేవారు కూడా.

మీ దగ్గర లైనక్స్ ఉంటే, లేదా ఫోన్‌లో టెర్మక్స్ ఉంటే, ఏదైనా ఒక ప్రోగ్రామ్ మీద ఇవాళే స్ట్రింగ్స్ కొట్టి లోపల ఎవరెవరు ఉన్నారో చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ లోడర్ రాసే అడ్రస్ పట్టికని విప్పి చూద్దాం, అది ఇంకా సరదాగా ఉంటుంది. ఉంటా మరి.